మూడు అబద్ధాలు, ఒక వంతెన

“ఆసుపత్రిలో ఎక్స్‌రే మిషను ఇంకా పెట్టెలోనే ఉంది అధ్యక్షా. దాన్ని బిగించాల్సిన గదిలో విరిగిన మంచాలు పేర్చుకున్నారు. ఈ సంగతి మంత్రిగారికి తెలుసా?”

సభలో ఎదుటి పక్షం సభ్యుడు నిలదీస్తుంటే, పైన సందర్శకుల వరుసలో కూర్చున్న పీఏకు ఒళ్ళు మండిపోయింది. ఆ సభ్యుడికి అందరూ పెట్టిన పేరు గంట. మోగడం మొదలుపెట్టాడంటే ఆగడు. కానీ ఆ ఆసుపత్రి గంట నియోజకవర్గంలోది కాదు, పీఏ పనిచేస్తున్న సార్‌ నియోజకవర్గంలోది. సార్ ఉన్నది అధికార పక్షంలో. మరి విరిగిన మంచాల కబురు తమ ఆఫీసు గడప ఎలా దాటింది?

కింద సార్ తల వంచుకుని కూర్చున్నారు. ఇది మొదటిసారి కాదు. మంచినీళ్ళ పైపులప్పుడూ ఇంతే, బడి పైకప్పు కారినప్పుడూ ఇంతే. సార్ చెప్పులరిగేలా మంత్రుల చుట్టూ తిరగడం, వాళ్ళు చూద్దాం అనడం, ఆనక గంట లేచి పరువు తీయడం.

సాయంత్రం పార్టీ పెద్ద పిలిపించాడు. తలుపు దగ్గర నిలబడ్డ పీఏకు ప్రతి మాటా వినిపించింది.

“మీ ఆఫీసు కబుర్లన్నీ గంట నోట్లోనే ఉంటున్నాయి. ఆ ద్రోహి ఎవరో పట్టి నా ముందు నిలబెట్టండి. లేదా వచ్చే ఎన్నికల్లో టికెట్ మాట మర్చిపోండి.”

సార్ బయటికొచ్చారు. జెండాలు కట్టే రోజుల నుంచి ఆయన వెంట తిరిగిన పీఏకు ఇక ఒకటే ప్రశ్న. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నది ఎవరు?

మర్నాటి నుంచి అతనికి ఆఫీసులో అందరూ దొంగల్లాగే కనిపించారు. డ్రైవరు ఫోనొస్తే చాలు, కారు అవతలికి పోయి గుసగుసలాడతాడు. సార్ బావమరిదికి ఆఫీసులో చేసే పనీ లేదు, అతను దూరని గదీ లేదు. ఇక టైపిస్టు సంగతి సరేసరి.

“ఏమైతేనేం అన్నా, ఎక్స్‌రే మిషను బిగించేశారు. సభలో పరువు పోయాక మంత్రిగారే పరిగెత్తారట,” అందామె కాగితాలు సర్దుతూ.

“దానికి నీకంత సంతోషమేంటమ్మా?”

“మా అత్తకి కాలు విరిగింది. మొన్న అక్కడే ఫొటో తీయించాం.”

అత్త కాలు విరిగితే ఇంత సంబరపడే కోడలిని పీఏ తేలిగ్గా నమ్మదలచుకోలేదు.

ఆ వారమే వాగు మీది పాత వంతెన అదురుతోందని జనం వచ్చి మొరపెట్టుకున్నారు. పీఏ ఒంటరిగా వెళ్ళి, ప్యాంటు పైకి మడిచి, కిందికి దిగి చూసొచ్చాడు.

“రెండో స్తంభం మొదట్లో గొయ్యి పడింది సార్. నీళ్ళ మాటున ఉంది, వంతెన మీంచి చూసేవాళ్ళకి కనపడదు. గొడుగు పెట్టి చూశాను, పిడి దాకా దిగింది. ఈ వానలకి ఆగదు.”

“దాని మీంచి బస్సులు పోతున్నాయి కదయ్యా,” అంటూ సార్ నుదురు రుద్దుకున్నారు. “మంత్రిగారిని అడిగి అడిగి నా నోరు పడిపోయింది. వానలు వెళ్ళాక చూద్దామంటారు.”

సార్ గదిలోంచి బయటికొస్తుంటే పీఏకు ఉపాయం తట్టింది. నేరుగా డ్రైవరు దగ్గరికి వెళ్ళాడు.

“ఎవరితోనూ అనకు. వంతెన రెయిలింగు ఊడి వేలాడుతోంది.”

“అయ్యో, రోజూ అటే పోతున్నానే బాబాయ్.”

టైపిస్టుతో వంతెన చివర రోడ్డు కుంగిందన్నాడు. బావమరిదిని పక్కకు పిలిచి, వంతెన నడిమధ్యలో చెయ్యి పట్టేంత పగులు వచ్చిందన్నాడు.

“ఈ మాట మా బావకి చెప్పావా?”

“ముందు మీకే చెప్తున్నా.”

బావమరిది ఛాతీ కాస్త పొంగింది. ముగ్గురికీ మూడు అబద్ధాలు. గంట నోట ఏది మోగితే అది విన్నవాళ్ళే దొంగ. ఆ దొంగను పార్టీ పెద్ద ముందు నిలబెడితే సార్ టికెట్ నిలుస్తుంది.

సభ జరిగే రోజు పొద్దున పీఏ ఉండబట్టలేక అనేశాడు. “ఇవాళ్టితో ఆ ద్రోహి దొరికిపోతాడు సార్. మెడపట్టి గెంటేస్తాను.”

“ఎవరైనా సరేనా?”

“మీ ఇంటివాళ్ళయినా సరే సార్.”

సార్ చిన్నగా నవ్వి కారెక్కారు. బావమరిది మీద తన అనుమానం సార్‌కు అర్థమైపోయిందేమోనని పీఏ నాలిక్కరుచుకున్నాడు.

సభలో గంట లేచాడు. పీఏ ముందుకు వంగాడు. రెయిలింగా, రోడ్డా, పగులా?

“వాగు మీది వంతెన గురించి అధ్యక్షా. రెండో స్తంభం మొదట్లో గొయ్యి పడింది. గొడుగు పెడితే పిడి దాకా దిగుతోంది. బస్సు వాగులో పడేదాకా మంత్రిగారు ఆగుతారా?”

మంత్రి తడబడుతూ లేచి, రేపటి నుంచే బస్సులు ఆపి పనులు మొదలుపెడతామని మాట ఇచ్చాడు. ముందు వరుసలోంచి పార్టీ పెద్ద వెనక్కి తిరిగి సార్‌ను ఒక్క చూపు చూశాడు. ఇక టికెట్ లేనట్టేనని ఆ చూపులోనే తెలిసిపోయింది. సార్ ఎప్పటిలాగే తల వంచుకుని కూర్చున్నారు.

పీఏ మాత్రం కూర్చోలేక లేచి నిలబడ్డాడు.

ఆ నిజం అతను సార్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు.