మడతపెట్టిన గుడ్డలు

"మామయ్యా, పొగ!"

పాలిష్ మేస్త్రి షెడ్డులోకి పరిగెత్తి, గుడ్డల బుట్టను వాకిట్లోకి ఒక్క తన్ను తన్నాడు. బకెట్ నీళ్లు దాని మీద కుమ్మరించాడు.

"ఎవరు మడతపెట్టారివి?"

"నేనే. మీరు కుర్చీకొకటి, కిటికీకొకటి పారేస్తే చూడలేక సర్దాను. అగ్గిపుల్ల మాత్రం ముట్టుకోలేదు, మీ మీద ఒట్టు!" అంది కోడలు.

"నా మీదెందుకమ్మా ఒట్టు, నాకింకా బతకాలనుంది! వీటికి అగ్గిపుల్ల అక్కర్లేదు. చెక్కకి పాలిష్ పెట్టేటప్పుడు వీటికి అంటిన అవిసె నూనె గాలి పీల్చుకుని ఆరుతుంది. ఆరేటప్పుడు వేడి పుడుతుంది. విడివిడిగా ఆరేస్తే ఆ వేడి గాల్లో కలిసిపోతుంది. మడతపెట్టి కుక్కితే లోపల్లోపలే రాజుకుంటుంది."

"అంటే అది మీ బద్ధకం కాదా?"

"ముప్పై ఏళ్ల పనితనం!"

కోడలు మాడిన గుడ్డల వైపు చూసింది. పెళ్లయిన ఆర్నెల్లలో తను నోరు మెదపకుండా ఎన్ని మాటలు నీటుగా మడతపెట్టుకుందో గుర్తొచ్చింది. నడుం మీద చెయ్యి వేసుకుంది.

"అయితే వినండి, ఒక్కొక్కటే ఆరేస్తాను. మీ గురక, మీ అబ్బాయి బడాయి, అత్తయ్య మూతి విరుపులు..."

మేస్త్రి ఖాళీ బకెట్ మళ్లీ కుళాయి కింద పెట్టాడు.