మెంతుల నీళ్లు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. సన్నని జల్లు పడుతోంది. ఆసుపత్రి వరండాలో మావారి చొక్కా జేబులోంచి షుగర్ మాత్రల అట్ట జారిపడింది. సగం ఖాళీ.

"ఎప్పటినుంచి వేసుకుంటున్నారు?"

"అసలు మానలేదు."

ఆయన షుగరు నేను తాగించిన మెంతుల నీళ్లతోనే తగ్గిందని నమ్మి, షుగరున్న నా చెల్లెలి చేత కూడా మాత్రలు మాన్పించాను. లోపల దాని కాలి పుండుకు కత్తి పెడుతున్నారు.

"నోట్లో నాలుక లేదా మీకు? దాన్ని నిలువునా ముంచారు కదా!"

"మూడుసార్లు చెప్పబోయాను. 'మీకేం తెలుసు, తాగండి' అని ప్రతిసారీ గ్లాసు చేతిలో పెట్టావు."

అది నిజం. నా కోపం తగ్గలేదు. కాని ఆయన్ను తిట్టే నోరు నాకు లేకపోయింది.

చెల్లెలికి రెండు వేళ్లు తీసేశారు. ఆ తరువాత అది పదకొండేళ్లు బతికింది. ఒక్కరోజూ మాత్ర మానలేదు, మా గడప తొక్కలేదు.