దగ్గర్లో ఇంకో కొండ

“సిటీకి దగ్గర్లో ఇంకో కొండ ఏదైనా ఉంటే చెప్పన్నయ్యా,” అన్నాడు గుమ్మడి, గుమ్మంలోనే నిలబడి బూట్లకంటిన ఎర్రమట్టి దులుపుకుంటూ.

మంచం మీదున్న అన్నగారు ఫోన్లోంచి తలెత్తలేదు. “మొన్న చెప్పిన క్వారీ దారి ఏమైంది?”

“ఎక్కేశాను.”

“మొత్తమా?”

“రెండుచోట్ల దిగి తోశాను. మిగతాదంతా తొక్కుకుంటూనే ఎక్కాను.”

అన్నగారికి ఒళ్లు మండింది. సగంలో తోక ముడిచి వస్తాడనే ఆ దారి చెప్పాడు మరి. తమ్ముడికి గుమ్మడి అన్న పేరు ఊరికే రాలేదు. ఒక్క అంతస్తుకైనా లిఫ్టు కోసం నిలబడే రకం. తన కళ్లజోళ్ల షాపులో కూర్చున్నాడంటే కుర్చీ మూలగాల్సిందే తప్ప మనిషి లేచేవాడు కాదు. అలాంటివాడు ఒకనాడు ఊడిపడి, గోడకి తగిలించి ఉన్న అన్న మౌంటెన్ బైకు అడిగాడు. కొండదారి పోటీకి వెళ్తాడట.

ఆ పోటీకి ఏటా వెళ్లేది అన్నగారు. ఈ ఏడు ఆయన కాలేయం చెడి మంచానికి అంటుకుపోయాడు. కొత్త కాలేయం కోసం ఆస్పత్రి వరుసలో పేరుంది గానీ పిలుపు మాత్రం రావడం లేదు. ఇంట్లోవాళ్లెవరైనా తమదాంట్లో ముక్క ఇవ్వొచ్చన్నారు. భార్య రక్తం కలవలేదు. తమ్ముడు పరీక్షకని వెళ్లొచ్చి, “కుదరదన్నారు” అని నేలచూపులు చూశాడు. వాడే కత్తికి జడిసి తప్పుకున్నాడని అన్నగారు తేల్చేసుకున్నాడు. ఆ వెంటనే బైకు అడిగేసరికి, నేను బతికుండగానే పంపకాలు మొదలయ్యాయన్నమాట, అనుకున్నాడు.

“ఎంత దూరంలో ఉండాలి?” అన్నాడు ముఖం చిట్లించి.

“పొద్దున వెళ్లి షాపు తెరిచే వేళకి వచ్చేసేలా ఉండాలి. ఎక్కడం మాత్రం తెగకుండా సాగాలి.”

“పోటీ గెలిచేది దిగేటప్పుడురా. ముందు రాళ్లలో బ్రేకు పట్టడం నేర్చుకో.”

“దిగడం తర్వాత చూద్దాం. చెమట కక్కించేది చెప్పు.”

“రిజర్వాయరు వెనక కరెంటు టవర్ల కింద బండ్ల బాట ఉంది. దాని మీద పడి చావు.”

“కాస్త తిని వెళ్లవయ్యా,” అంది వదినగారు వంటింట్లోంచి.

“వద్దు వదినా. వేపుళ్లూ తీపీ మానేశాను.”

“పిచ్చి ముదిరింది,” అని అన్నగారు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కుదరక ఇటు తిరిగాడు. ఇటూ కుదర్లేదు.

వాడు టవర్ల బాటా ఎక్కాడు. దాని తర్వాత నీలగిరి తోపు గుట్ట, తర్వాత పాత రాడార్ కేంద్రం కొండ. మోచేతులు గీరుకుపోయి వచ్చేవాడు, అయినా ఇంకోటి చెప్పమనేవాడు. చొక్కాలు వదులై భుజాల మీంచి జారుతున్నాయి. అన్నగారికి తెలియకుండానే తిట్లు తగ్గి పాఠాలు మొదలయ్యాయి.

“సీటు ఇంకాస్త లేపు, మోకాళ్లు పోతాయి. వాలులో ముందుకు వంగు. ఊపిరి నోటితో పీల్చకు.”

పగలంతా ఆయన వేలు ఫోన్లో పటం మీద తిరుగుతూనే ఉండేది, నగరం అంచున తాను చూడని గీత ఏదైనా దొరుకుతుందేమోనని. కాళ్లు వాచి నేల మీద ఆనకపోయినా, మనసు మాత్రం ఆ రాళ్లలో దొర్లుతోంది.

ఒకరోజు షాపు వేళ దాటినా తమ్ముడు రాలేదు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. అన్నగారు లేచి కూర్చున్నాడు, పడుకున్నాడు, మళ్లీ లేచాడు. “ఆ లోయ దారి నేనెందుకు చెప్పాను? వాడికి దిగడం రాదే,” అని భార్యని పదేపదే అడిగాడు. వాడంటే తనకింత ప్రాణమని ఆయనకి ఆ పూటే తెలిసింది. చివరికి బైకు భుజాన వేసుకుని గుమ్మడి వచ్చాడు. గొలుసు తెగి దారంతా నడిచాడట.

“ఫోనెత్తడానికేం రోగం?”

“సంచీలో ఉంది, వినపడలేదన్నయ్యా.”

“ఇక దారులూ లేవు, గీరులూ లేవు. పో,” అని కసిరాడు. సాయంత్రానికి ఇంకో కొండ తానే వెతికి పంపాడు.

పోటీ రోజు వచ్చింది. అన్నగారికి తెల్లవారకముందే మెలకువ. పొద్దెక్కి పోటీ మొదలయ్యాక పోటీవాళ్ల పేజీ తెరిచి, బయలుదేరినవాళ్ల పేర్లు కిందికీ పైకీ చూశాడు. తమ్ముడి పేరు లేదు. మళ్లీ చూశాడు. ఇంతలో ఆ తమ్ముడే ఇస్త్రీ చొక్కా వేసుకుని గదిలోకి వచ్చి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“నువ్విక్కడున్నావేంటి? పోటీ?”

“వెళ్లలేదన్నయ్యా.”

ఇన్నాళ్లూ దిగమింగుకున్నదంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. “నాకు తెలుసురా. నువ్వింతే. ఆరోజు ఆస్పత్రిలో జడిసి పారిపోయావు, ఇవాళ పోటీకీ జడిసి పారిపోయావు. నేను నా కొండలన్నీ నీ చేతిలో పెట్టాను కదరా.”

వదినగారు గుమ్మంలోకి వచ్చి, కొంగు నోటికి అడ్డుపెట్టుకుని నిలబడింది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో అన్నగారికి అర్థం కాలేదు.

“పోటీకి అసలు పేరే ఇవ్వలేదన్నయ్యా. అసలు సంగతి ముందే చెప్పి, మళ్లీ కుదరకపోతే నిన్ను రెండోసారి ఏడిపించడం ఇష్టం లేక పోటీ అని చెప్పాను. ఇప్పుడు ఆస్పత్రి నుంచే వస్తున్నా.”

“మరి ఆ కొండలన్నీ దేనికెక్కావురా?”

“నా కాలేయానికి పట్టిన కొవ్వు కరిగిపోయిందట, ఇక అందులో ముక్క నీకు పెట్టొచ్చన్నారు.”