అత్తయ్య విప్పిన కుట్లు

ఆ ఉదయం అద్దాల బీరువాలో ఇంకో టెడ్డీబేర్ పొట్ట తెరుచుకుని కూర్చుంది. లోపలి చెక్క తురుమంతా అరలో రాలిపోయింది. కోడలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"మళ్ళీ ట్రంకులోదేనా?" గుమ్మంలోంచి భర్త గొంతు తగ్గించి అడిగాడు.

"ఆఁ. నిన్నటిదీ అదే."

ఆ ఇంట్లో టెడ్డీబేర్ అంటే పిల్లలు ఈడ్చుకు తిరిగే బొమ్మ కాదు. అత్తగారు ఒక్కొక్కదాన్నీ నెలల తరబడి చేత్తో కుట్టేది. వాటి కోసం ఎక్కడెక్కడివాళ్ళో వెతుక్కుంటూ వచ్చేవారు. మతిమరుపు జబ్బు వచ్చాక ఆవిడ సూది ముట్టలేదు. ఇప్పుడు ఆవిడ మందులూ, కనిపెట్టుకుని ఉండే ఆయమ్మ జీతమూ ఆ బొమ్మలు అమ్ముడుపోతేనే గడుస్తాయి. కొడుకు జీతం ఇంటి అద్దె దగ్గరే చేతులెత్తేస్తోంది. అమ్మ పాత ట్రంకులో ఇంకొన్ని దొరికాయని అతను అందరికీ చెప్పాడు. ఎందుకో మరి, పాడయ్యేవన్నీ ఆ ట్రంకువే. దారం నాసిదేమోనని కోడలికి గుబులు.

ఆదివారం ఓ పెద్దాయన వస్తున్నాడు. ఇలాంటి బొమ్మలు పోగుచేయడమే ఆయన లోకం. నచ్చితే అన్నీ ఒకేసారి తీసుకుంటానన్నాడు. కాకపోతే ఆయనకో పట్టుదల ఉంది. బొమ్మ మీద ఆవిడ చేతి కుట్టు తప్ప ఇంకొకరి కుట్టు పడకూడదు. పడితే అది ఆయన లెక్కలో గుడ్డపేలికే.

టెడ్డీల సేవ కోడలికి కొట్టిన పిండి. బొచ్చు ఎటు వాలితే అటే దువ్వాలి. నీళ్ళలో ముంచకూడదు, సబ్బు నురగ మాత్రం గుడ్డకు అద్ది పైపైన తుడవాలి. తడి లోపలికి దిగితే తురుము కుళ్ళిపోతుంది. నీడనే ఆరబెట్టాలి. పురుగు పట్టకుండా కవర్లో కట్టి కొన్నాళ్ళు ఫ్రీజర్లో పెట్టాలి. ఐసుముక్కల కోసం తలుపు తీసి, లోపలి నుంచి చూస్తున్న గాజు కళ్ళకు భర్త హడలిపోవడం ఆ ఇంట్లో మామూలే.

ఇంత చేసినా కుట్లు ఊడుతూనే ఉన్నాయి. ఎలుక అనుకుని బోను పెట్టారు. పురుగు అనుకుని బీరువా అంతా ఖాళీచేసి దులిపారు. చివరికి ఓ మధ్యాహ్నం దొంగ దొరికింది.

అత్తగారు. ఒళ్లో టెడ్డీ, చేతిలో కుట్లు విప్పే చిన్న కొక్కెం.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారు?"

ఆవిడ తలెత్తి చూసింది. "ఎవరమ్మా నువ్వు?"

"మీ కోడల్నండీ."

"మా కోడలా? అది బజారుకెళ్ళింది. వచ్చేస్తుంది, కూర్చో."

రోజూ ఇదే వరస. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆవిడ తనను గుర్తుపడితే చాలని కోడలి ప్రాణం కొట్టుకునేది.

కొక్కెం దాచేస్తే ఆవిడ హెయిర్‌పిన్ను అందుకుంది. అదీ లాక్కుంటే గోరు. బీరువాకు తాళం వేస్తే పసిపిల్లలా ఏడ్చి, రోజంతా ముద్ద ముట్టలేదు. తాళం తీయక తప్పలేదు. ఎవరి మీద కోప్పడాలి? తనెవరో కూడా ఎరగని మనిషి మీదా? కోడలు వంటగదిలో కూర్చుని కరువుతీరా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని సూది అందుకుంది. విప్పినవన్నీ పాత రంధ్రాల్లోంచే దారం పోనిచ్చి మళ్ళీ కుట్టింది. ఆదివారం నాటికి వేళ్ళు పుళ్ళు పడ్డాయి.

పెద్దాయన రానే వచ్చాడు. భూతద్దం తీసి ఒక్కో బొమ్మనూ అటూ ఇటూ తిప్పి చూశాడు. కోడలు వేళ్ళు కొంగులో దాచుకుంది.

"ఆహా! ఏం పనితనమండీ అది! కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి," అన్నాడు. "అవునూ, ఎంత తీసినా వస్తూనే ఉన్నాయి. మీ ట్రంకుకు అడుగు లేదా ఏంటి?"

భర్త అవసరానికి మించి నవ్వాడు.

"అన్నీ తీసుకుంటానమ్మా. ఆవిణ్ణి ఒక్కసారి చూసి వెళ్తా."

"పడుకున్నారండీ," అంది కోడలు గబుక్కున.

ఆ మాట పూర్తికాకుండానే గది తలుపు తెరుచుకుంది. ఆయమ్మ చెయ్యి పట్టుకుని అత్తగారు మెల్లగా వచ్చి బల్ల ముందు కూర్చుంది. ఎవరి వంకా చూడలేదు. ఒక్కో టెడ్డీనీ తీసుకుని వీపు మీద వేలు పోనిచ్చింది. కొన్నిటిని పెద్దాయన వైపు జరిపింది. మిగతావాటిని ఒళ్లోకి లాక్కుని గోటితో కుట్లు గీకడం మొదలుపెట్టింది.

"పాపం, తన పని తనకే తెలియడం లేదు," అన్నాడు పెద్దాయన.

"అత్తయ్యా, వద్దండీ. మీకు పుణ్యం ఉంటుంది, ఇలా ఇచ్చేయండి," కోడలు వంగి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఆవిడ విదిలించుకోలేదు. ఆ వేళ్ళను తన చేతిలోకి తీసుకుంది. చివర్ల సూది గాట్లను ఒక్కొక్కటే తడిమింది. తర్వాత తలెత్తి కోడలి మొహంలోకి నిదానంగా చూసింది. ఆవిడ కళ్ళలో ఏదో మెరిసింది. కోడలు ఆశగా ఇంకాస్త వంగింది.

"ఇదిగో బాబూ, ఇదే మా కోడలు," అంది అత్తగారు పెద్దాయన వైపు తిరిగి మురిసిపోతూ, "నేను చేసినవి నీ వైపు పెట్టా, నా ఒళ్లోవన్నీ గుడ్డ కత్తిరింపు దగ్గర్నుంచీ ఇది చేసినవే, ఇంకా చెయ్యి తిరగలేదు, అందుకే విప్పి మళ్ళీ కుట్టిస్తున్నా."