కమాను మీద గాజుపలక

"గాజు వెంట్రుకవాసి చీలినా సరే, కూల్చెయ్యమనే రాస్తాను మేడమ్. తర్వాత నన్ను తిట్టుకోవద్దు," అన్నాడు ఇంజినీరు నిచ్చెనెక్కుతూ.

"నీకు లెక్కలు చెప్పింది ఈ కమాను కిందేరా," అంది పెద్ద టీచరమ్మ.

"అందుకే లెక్క తప్పను."

నూట పాతికేళ్ల హైస్కూలు అది. రాతి కమానులు, నిలువెత్తు కిటికీలు, మేడ మీద చెక్క నేల హాలు. టీచరమ్మ చదువుకున్నదీ, చదువు చెప్పిందీ ఇక్కడే. ఇది నేలమట్టమైతే తట్టుకోగలనన్న నమ్మకం ఆమెకు లేదు.

మూడు నెలల క్రితం ఇంజినీరు ఈ కమాను మీది పగులుకు అడ్డంగా చిన్న గాజుపలక అతికించి, దాని మీద తేదీ వేసి వెళ్లాడు. గోడ ఇంకా కదులుతుంటే గాజు విరుగుతుంది. విరగకపోతే అది పాత పగులే, భయం లేదు. ఆ రోజే మేడ మీది హాలుకు తాళం పడింది. "ఆ గాజుకేమైనా అయితే మనకు బడి ఉండదు, జాగ్రత్త," అని ఆమె అటెండరుకు అప్పజెప్పింది. కిటికీ గడియ ఊడినా సాయంత్రానికల్లా బిగించే మనిషి అతను. ఇప్పుడు నిచ్చెన పట్టుకున్నదీ అతనే.

వరండాలో రెండు వందల మంది పిల్లలు బారులు తీరి ఉన్నారు. అందరి చూపూ నిచ్చెన మీదే.

ఇంజినీరు భూతద్దం తీశాడు. గాజును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. మళ్లీ చూశాడు.

"మేడమ్..."

ఆమె స్తంభం పట్టుకుంది. "చెప్పెయ్యరా, చంపకు."

"చెక్కుచెదరలేదు! నేను వేసిన తేదీతో సహా అలాగే ఉంది."

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇంజినీరు కిందికి దిగి కాగితం మీద సంతకం పెట్టాడు. డ్రిల్లు మాస్టారు తాళం తీశాడు. పిల్లలు గోలగోలగా మెట్లెక్కి హాలంతా నిండిపోయారు. వాళ్ల గంతులకు పైనుంచి రవ్వంత సున్నం రాలి ఇంజినీరు భుజం మీద పడింది.

"పాత సున్నం," అంటూ దులుపుకున్నాడు.

పెద్ద టీచరమ్మ అటెండరు చేతులు పట్టుకుంది. "అంతా నీ చలవేనయ్యా. కంటికి రెప్పలా కాపాడావు."

అటెండరు సిగ్గుపడిపోయాడు.

"మీరు అంతగా చెప్పాక ఊరుకుంటానా అమ్మా? విరిగిన ప్రతిసారీ అదే కొలతకి కోయించి, సారు రాతలాగే తేదీ దించి, ఆ పూటే అతికించాను. ఇది ఐదోది."