ప్రమాణం చేయనివాళ్ళు

“‘భార్య కన్నీళ్ళకు కరిగి ప్రమాణం చేసేవాడు, రేపు ఆ భార్యకిచ్చే మాట మాత్రం ఏపాటిది?’” రోలండ్ చదవడం ఆపి, కాగితాలు బల్లమీద పెట్టాడు. “జైల్లో కూర్చుని ఇలా రాయాలంటే గుండె ఉండాలి.”

పెనం మీద ఓట్స్ రొట్టెను థామసిన్ మళ్ళీ తిరగేసింది. అది అప్పటికే రెండుసార్లు తిరగబడింది.

కొత్తగా గద్దెనెక్కిన రాజుకు విధేయుడినని బైబిల్ మీద ప్రమాణం చేయనందుకు ఆమె భర్త జెర్వేస్‌ను వెస్ట్‌మోర్లాండ్ కొండల అవతల కోట జైల్లో పెట్టి అయిదు నెలలైంది. వాళ్ళ క్రైస్తవ శాఖవాళ్ళు, క్వేకర్లు, ఏ కోర్టులోనూ ప్రమాణం చేయరు. ఒట్టు వేస్తేనే నిజం చెబుతామంటే, మిగతా రోజులన్నీ అబద్ధమాడుతున్నట్టే కదా అంటారు. ఆ మాటను సమర్థిస్తూ రాసిన పద్నాలుగు పేజీలవి. ఏది అచ్చుకు వెళ్ళాలన్నా ముందు ఊరి క్వేకర్ల సమావేశం పెద్దలు చదివి సరే అనాలి. అందుకే పెద్దలు రోలండ్, సిబిల్ పొద్దున్నే వచ్చారు.

“గొంతు తగ్గించు రోలండ్, నువ్వేం చర్చి పురోహితుడివి కాదు,” అంది ముసలి సిబిల్. “ఆ గొంతుతోనే కదా జడ్జిని ‘నువ్వు’ అని పిలిచి దెబ్బలు తిన్నావు.”

రోలండ్ టోపీ వెనక్కి తోసుకుని నవ్వాడు. ఈ ఊరి జైల్లో ఉన్న తొమ్మిదిమందికి దీన్ని సాయంత్రమే చదివి వినిపిస్తామన్నాడు. రేపు వాళ్ళను జడ్జి ముందు నిలబెడతారు. ఇద్దరు ముగ్గురు అప్పటికే తడబడుతున్నారట. జెర్వేస్ నిలబడ్డాడని వింటే వాళ్ళూ నిలబడతారని అతని నమ్మకం.

సిబిల్ మాత్రం థామసిన్ ముఖాన్నే చూస్తోంది. నిన్న జైలుకు వెళ్ళావట కదా, ఎలా ఉన్నాడని అడిగింది. దగ్గితే రక్తం పడుతోందని, పడుకునే గడ్డి తడిసి కుళ్ళిందని థామసిన్ చెప్పింది.

అలవాటు ప్రకారం ముగ్గురూ మౌనంగా కూర్చున్నారు. లోపల మాట కదిలినవాళ్ళే నోరు తెరవాలి. రొట్టె మాడిన వాసన వచ్చినా ఎవరూ లేవలేదు.

“అది జెర్వేస్ రాసింది కాదు,” అంది థామసిన్.

రోలండ్ తలెత్తాడు.

“చలికి వేళ్ళు బిగుసుకుపోయి అతను కలం పట్టక రెండు నెలలైంది. నేనే రాసి అతని పేరు పెట్టాను.”

“అయితే ఇందులో ఉన్నది జెర్వేస్ మనసు కాదా?”

“రాసిన రోజున అదే.”

సిబిల్ ఆమె చెయ్యి పట్టుకుంది. “పిచ్చిదానా, ఇందుకా పొద్దుటినుంచి ఉరికంబం ఎక్కబోయేదానిలా ఉన్నావు? దేవుడి వెలుగు మగవాళ్ళ చేతుల్లోంచే కాగితం మీదికి దిగాలని ఎక్కడుంది? నీ పేరే వేద్దాం.”

“నా పేరు వద్దు.”

“మరీ ఇంత వినయం కూడా గర్వమేలే.”

రోలండ్ అప్పటికే కలం అడిగి తీసుకున్నాడు. మొదటి పేజీ మీద జెర్వేస్ పేరు కొట్టేసి, కింద థామసిన్ ఆస్క్యూ అని రాశాడు. సిరా ఆరేదాకా ఊదాడు.

థామసిన్ నోరు తెరిచింది. జైల్లో ఉన్న తొమ్మిదిమంది గుర్తొచ్చారు. మూసుకుంది.

కాగితాలు కోటు లోపల దాచుకుని రోలండ్ గుర్రం దగ్గరికి నడిచాడు. గుమ్మం దాటాక సిబిల్ వెనక్కి తిరిగింది.

“నీలాంటి భార్య ఉండబట్టే జెర్వేస్ అక్కడ నిలబడగలిగాడు,” అంది.

గుర్రాలు మలుపు తిరిగేదాకా థామసిన్ గుమ్మంలోనే ఉండిపోయింది.

నిన్న మధ్యాహ్నం జెర్వేస్ చేత బైబిల్ మీద ప్రమాణం చేయించింది ఆమే.