అన్నకు ఏం ఇష్టం?

"ఉత్త మిర్చి కాదు తమ్మీ, మధ్యల కోసి ఉల్లిగడ్డ పెట్టింది తీస్కో. ఉత్తది పెడితే మీ అన్న దాని దిక్కు కూడ సూడడు" అన్నాడు కాశీరాం.

సంతోష్ పొట్లం మళ్లీ బండి మీద పెట్టేశాడు. తోడబుట్టినవాడికి ఏ బజ్జీ ఇష్టమో ఆటో నడిపేవాణ్ని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"జైరాంకా?" అని అడిగింది బజ్జీల ముత్తమ్మ. కాశీరాం తలూపాడు. ఆమె కొత్త వాయి వేసి, ఉల్లిగడ్డ దండిగా పెట్టి, నిమ్మకాయ పిండింది. సంతోష్ పైసలు తీస్తే "ఉండనియ్ బిడ్డా" అంది.

"వేడివేడివి రేపు పొద్దున తీసుకుందామా?"

"పొద్దున బండి ఉండది. మీ అన్నకు సల్లారినయే ఇష్టం" అన్నాడు కాశీరాం.

అదీ తెలియదు సంతోష్‌కు. మిర్యాలగూడలో బస్సెక్కితే సూర్యాపేట ఎంత దూరమని? అయినా ఆరేళ్లలో ఒక్కసారి ఇటు రాలేదు. తన కొత్త ఇంట్లోకి దిగిన నాడు మొదటి బంతిలో కూర్చున్న అన్నను, తాను గుమాస్తాగా ఉన్న రైస్‌మిల్లు సేటు వచ్చాడని లేపి, తర్వాతి బంతిలో తినమన్నాడు. అప్పటికే విస్తరిలో అన్నం వడ్డించారు కూడా. జైరాం గొడవ చేయలేదు. చెయ్యి కడుక్కుని, "ఇగ సచ్చినా నీ చేతి మెతుకు ముట్ట" అని, పెళ్లాం పిల్లలతో బస్టాండుకు నడిచాడు. కోపం తగ్గాక ఆయనే వస్తాడులే అని తమ్ముడు, తప్పు చేసినోడే రావాలని అన్న. ఇద్దరిదీ ఒకటే మొండితనం. చూస్తుండగానే పండుగలు గడిచిపోయాయి.

నిన్న వదిన ఫోన్ చేసింది.

"మొన్న మేమందరం పెట్టినం సంతోష్. పెద్దోడు దండం పెట్టి బతిమిలాడిండు. ముట్టనే లేదు. నీకోసమే సూస్తున్నడో ఏమో. నువ్వొచ్చి నీ చేత్తోని పెట్టు."

"వస్త వదినా. ఏం తేవాలె?"

"మీ అన్నకేమిష్టమో నీకు తెల్వదా?" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

అందుకే బస్సు దిగగానే అన్న ప్రాణస్నేహితుణ్ని వెతుక్కున్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. తోపుడుబండ్ల పొగ, బట్టల దుకాణాల వెలుగు, మొబైల్ షాపు ముందు చెవులదిరే పాటలు. కాశీరాం ఆటోను నెమ్మదిగా పోనిస్తూ చూపించాడు. టైలర్ షట్టర్ మీద కుట్టుమిషన్, మిఠాయి దుకాణం గోడ మీద లడ్డూల పళ్లెం, ముందు పోతున్న ఆటో వెనక పురి విప్పిన నెమలి.

"గియ్యన్నీ మీ అన్న ఏసినయే. ఊల్లె ఏ గోడ సూసినా ఆయన చెయ్యే ఉంటది."

అన్న బొమ్మలు వేస్తాడని తెలుసు, ఇంత బాగా వేస్తాడని తెలియదు. ఆ నెమలి మలుపు తిరిగేదాకా సంతోష్ దాని మెడ మీది నీలాన్నే చూస్తూ కూర్చున్నాడు.

బట్టల దుకాణంలో చొక్కా సైజెంతని అడిగారు. "నాకంటే జర లావు" అన్నాడు సంతోష్.

"బాగ బక్కగయిండు. నీకు పట్టేదే తీస్కో" అన్నాడు కాశీరాం. "తెల్లదే తియ్యి. మీ అన్నకు తెల్లంగంటే పానం. పనిల రంగులంటుతయని ఎన్నడు కొనలే."

"పట్టకపోతే మార్చిస్తం, బిల్లు జాగ్రత్త" అన్నాడు దుకాణదారు. కాశీరాం రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

వైన్‌షాపు పక్కన బోటి వేపుడు కట్టించుకున్నారు. ఒక బీరు తీసుకున్నారు.

"నీకు?" అని అడిగాడు సంతోష్.

"నేను బంద్ చేసిన. ఆయన లేకుండ ఎన్నడు తాగలే."

"పిల్లల ముందట బీరు పెడితే బాగుంటదా?"

"ఒక్కనాటికేం గాదు. ఇష్టమైంది పెట్టాలె."

చివరికి జర్దా పాన్ కూడా కట్టించాక, ఎప్పట్నుంచో నోట్లో నలుగుతున్న మాట అడిగేశాడు సంతోష్. "కాశన్నా, అన్న నన్నెప్పుడన్నా తలుసుకున్నడా?"

కాశీరాం ఆటో పక్కకు ఆపాడు. "అబద్ధం ఎందుకు చెప్పాలె తమ్మీ. లారీలోళ్లు పేర్లు రాయించుకోను మీ అన్న కాడికే వచ్చేటోళ్లు. అన్ని ఊర్ల పేర్లు రాసేటోడు. మిర్యాలగూడ అని రాయమంటే మాత్రం వేరేటోని దగ్గరికి పంపించేటోడు."

సంతోష్ వెక్కి వెక్కి ఏడ్చాడు. రోడ్డున పోయేవాళ్లు చూస్తున్నా ఆపుకోలేకపోయాడు. ఆరేళ్లలో ఏదో ఒక రోజు వచ్చి, కాళ్ల మీద పడి ఉంటే అయిపోయేది.

"నా చేత్తో పెడితే ముడుతడా?" అని అడిగాడు.

"పెట్టి సూడు. మొండోడే గాని, నువ్వంటే పానం ఉండె."

తెల్లవారాక సంతోష్ తానే విస్తరి పరిచాడు. వదిన వండిన అన్నం, మాంసం వడ్డించి, బజ్జీలు, బోటి సర్దాడు. బీరు, పాన్ ఒక పక్కన, తెల్ల చొక్కా ఇంకో పక్కన పెట్టాడు.

"తప్పయిందన్నా. తిను" అన్నాడు.

వదిన నోట్లో కొంగు కుక్కుకుంది. అందరూ దూరంగా జరిగారు.

మధ్యాహ్నం దాటినా ఒక్క కాకి కూడా వాలలేదు.